ఎడమవైపు బరువు ఎత్తకూడదు

తడిదుప్పటిని బకెట్లోంచి లాగి పిండుతుంటే ఆమెకి ఎడమ చంకలో సర్రున నొప్పి లేచింది. "నువ్వు పిండితేనే నీళ్లు పూర్తిగా పోతాయే" అంది అత్తగారు, మెచ్చుకోలుగానే.

ఆపరేషనై అది పదో రోజు. క్యాన్సరు గడ్డ తీసేశాక ఎడమ రొమ్ములో పడ్డ గుంటను ఆమె పొట్టలోంచి తీసిన కొవ్వుతోనే పూడ్చారు. నెల్లాళ్లు బరువులు ఎత్తొద్దన్నారు. ఆ మాట ఇంట్లో అందరూ విన్నారు. విని ఎవరి పనిమీద వాళ్లు పోయారు.

ఆరు నెలలకి కొవ్వు చాలావరకు కరిగిపోయింది. తను పనిచేసే లైబ్రరీలో పుస్తకాలను గుండెకి అడ్డం పెట్టుకుని నడవడం ఆమెకి మళ్లీ అలవాటైంది.

"రిపోర్టులన్నీ బాగున్నాయి. ఈసారి కొవ్వులో, మీ కొవ్వులోంచే వేరుచేసిన స్టెమ్ సెల్స్, అంటే మూలకణాలు, కలిపి పెడదాం" అంది డాక్టరమ్మ. "కొత్త రక్తనాళాలు త్వరగా అల్లుకుంటే కొవ్వు బతకొచ్చు. ఇంకా పరీక్షల్లో ఉన్న పద్ధతి, మాటివ్వలేను. కిందటిసారి రెస్టు తీసుకున్నారా?"

"తీసుకుందండీ, రోజూ మధ్యాహ్నం పడుకునేది" అన్నాడు పక్కనున్న భర్త.

పడుకున్న మాట నిజమే. గిన్నెలు తోమడానికీ ఆరిన బట్టలు తీయడానికీ మధ్య ఇరవై నిమిషాలు. "ఈ వయసులో ఎవరు చూడొచ్చారు?" అన్నాడు ఆయన మొదట్లో. "బతికి బయటపడ్డావు, చాలదా వదినా?" అంది ఆడపడుచు. చాలనుకుంటే చాలు. కానీ స్నానం చేస్తుంటే సబ్బు జారి ఆ గుంటలో ఆగినప్పుడల్లా చెయ్యి ఎవరి ఒంటిమీదో పడ్డట్టు ఉలిక్కిపడేది. కొవ్వు తనది, కణాలు తనవి. ఇంట్లోవాళ్లని అడిగింది నాలుగు వారాలే.

తిరిగొస్తూ భర్త హుషారుగా అన్నాడు. "స్టెమ్ సెల్స్ వేస్తున్నారుగా, ఈసారి అన్నాళ్లు రెస్టు అక్కర్లేదేమోలే. అమ్మకసలే మోకాళ్ల నొప్పులు."

ఆయన చెడ్డవాడు కాదు. కోప్పడటానికి కూడా ఆమెకి ఓపిక లేకపోయింది.

మర్నాడు లైబ్రరీలో తన పై ఉద్యోగిని అడిగింది. "అక్కా, మీ మేడమీద గది ఖాళీయేనా?"

"ఖాళీయే. ఎందుకే?"

"పడుకోవాలి."

రెండో ఆపరేషన్ అయ్యి ఇంటికి పంపే రోజున నర్సు ఇచ్చిన కాగితం మీద ఆమె లైబ్రరీ అక్క ఇంటి చిరునామా రాసింది. భర్త వంగి చూశాడు.

"ఇదేంటి? మరి ఇల్లో?"

"ఇంటికేం కాదు, బతుకుతుంది" అందామె పెన్ను మూత పెడుతూ. "ఈ కొవ్వు బతుకుతుందో లేదో నేను దగ్గరుండి చూసుకోవాలి."