తెల్లబారిన పలక

వసంతకుమార్ తోడబుట్టినవాడు కాకపోయి ఉంటే లేవి అతన్ని కోర్టుకు ఈడ్చేవాడు. అన్న కాబట్టి మాటలు మాత్రం మానేశాడు. ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర కూడా అన్న పక్కన మోకరించడు.

లేవి ఏడో తరగతితో బడి మాని, మద్రాసు అవతల పడవల షెడ్డులో ఎనిమిదేళ్లు పనిచేసి ఎర్రగుంట్లకు తిరిగొచ్చినవాడు. విశాఖలో కుర్రకారుకు సముద్రపు ఆట నేర్పే ఉమామహేశ్ అతనికి ఒక సర్ఫ్‌బోర్డు చేయమని చెప్పాడు. అలల మీద నిలబడి పోయే పలక అది. నచ్చితే ఏడాదికి నలభై చేయిస్తానన్నాడు. రెండు నెలల తర్వాత ఒక శనివారం జరిగే పోటీలకు అందాలి, అద్దంలా లేకపోతే పంపనే వద్దన్నాడు. చెక్కకూ, పైన పూసే ఎపాక్సీ మందుకూ పెట్టుబడి అన్నదే. పలక అమ్ముడుపోకపోతే లేవి భాగం చేను అన్నకు రాసివ్వాలని కాగితం. తన చేతిపనిని నమ్ముకుని లేవి సంతకం పెట్టాడు.

ఇంటి వాకిట్లోని షెడ్డులో రెండు నెలలు చెక్క చెక్కి, గుడ్డ పరిచి, అరగదీసి, పోటీల వారం గురువారానికి కడపటి పూతకు వచ్చాడు. ఎండ ఎక్కే వేళ పూస్తే చెక్కలోని గాలి ఉబికి బుడగలు లేస్తాయి. అందుకే పొద్దు వాలేదాకా కాచుకున్నాడు. డబ్బాలో మిగిలింది ఒక్క పూతకే. రెండు పాళ్లకు ఒక పాలు, పూతను గట్టిపరిచే మందు కలిపి, పలక మీద పోసి, రబ్బరు ముక్కతో మెల్లగా లాగుతూ పోయాడు. గుమ్మం అవతలి నీలాకాశం అందులో కనబడింది. అప్పుడే సిమెంటు లారీ ఒకటి వీధిలో పోయింది. తల ఎత్తకుండానే, దుమ్ము లేవకుండా చూడమని గుమ్మంలో ఉన్న అన్నకు చెప్పాడు.

దుమ్ము లేస్తే ఆ సీమలో ఎవరైనా చేసేదే వసంతకుమార్ చేశాడు. రెండు బిందెల నీళ్లు తెచ్చి వాకిలంతా చల్లాడు. పగలంతా కాగిన నాపరాళ్లు బుస్సుమన్నాయి. ఆవిరి లేచి షెడ్డులోకి కమ్ముకుంది. లేవి బిందె చూసేసరికే పచ్చి పూత మీద పాలు విరిగినట్టు తెల్లటి పొర కట్టింది.

"ఏం జేస్తివన్నా."

"నువ్వే కదరా దుమ్ము అణచమంటివి. నీళ్లు గిట్టవని నాకెట్ల తెలుస్తాది?"

లేవి ఆ పొరను వేలితో రాసి చూశాడు. అది పోలేదు.

ఆ పొర గీకి మళ్లీ పూయడానికి మందు లేదు. మద్రాసు నుంచి రావాలంటే వారం. ఉమామహేశ్‌కు ఫోన్లో ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన వేరేచోట తెప్పించుకుంటానన్నాడు. మూడో రోజు లేవి భార్య వరమ్మ గంజి ముందు పెడుతూ అనింది.

"పలకకేం గావాల్నో ఎనిమిదేండ్లు నేర్చుకుంటివి. మీయన్నకు ఒక్క మాట జెప్పేకి నోరు రాకపాయె."

తర్వాతి సోమవారం అన్నదమ్ములిద్దరూ ఒకే ఆటోలో రిజిస్ట్రారు ఆఫీసుకు పోయారు. లేవి వేలిముద్ర వేసి చెయ్యి తుడుచుకున్నాడు. రైలుకట్ట పక్కన నల్లరేగడి, ఎకరా ముప్పై రెండు సెంట్లు.