ఇమాన్‌కుల్ వాకిట ఏడ్చినవాడు

గొర్రెలు కొండ దిగిన నాలుగో రోజు తెల్లవారుతుండగా ఇమాన్‌కుల్ పోయాడు. ఆయనకి డెబ్బై తొమ్మిది. నాకు డెబ్బై ఒకటి. నలభై వేసవులు ఒకే మేత కొండ మీద పక్కపక్క గుడారాల్లో బతికాం. ఆయనదొక తెగ, నాదొక తెగ; మా మాటలో చెప్పాలంటే ఎముక వేరు. అన్నా అని పిలిచేవాణ్ణి.

మధ్యాహ్నానికి ఆయన వాకిట్లో ఉన్ని గుడారం లేచింది. ఆయన్ని అందులో పడుకోబెట్టారు. ఆడవాళ్ళు లోపల గోడవైపు తిరిగి కూర్చుని రాగం తీసి ఏడుస్తారు. మగవాళ్ళు బయట నడుముకి గుడ్డ కట్టుకుని, కర్ర మీద వంగి నిలబడతారు. వచ్చేవాళ్ళు దూరం నుంచే ఏడుస్తూ వస్తారు. ఆ ఏడుపుకి ముందుగా ఇంటి మగవాడు ఏడుపుతో బదులివ్వాలి. కొడుకో, తమ్ముడో. బదులు రాకపోతే పోయినవాడు దిక్కులేనివాడని అర్థం. ఆ మాట ఏడు తరాలు పోదు.

ఇమాన్‌కుల్‌కి కొడుకుల్లేరు. తమ్ముళ్ళు ఎప్పుడో పోయారు. ఉన్నది కూతురు బురుల్‌చా, మనవరాలు కనిషాయి.

బురుల్‌చా బయటికొచ్చి కర్ర నా ముందు పెట్టింది. "బాబాయ్, నువ్వు పట్టుకో."

వాళ్ళ తెగ పెద్ద సాదిబకాస్ అడ్డొచ్చాడు. "వీడిది వేరే ఎముక, అమ్మాయ్. అయినా వీడు నోరెప్పుడు తెరిచాడు? పెళ్ళిచూపుల్లో కూడా తెరవలేదు. అందుకేగా ఇలా ఒంటరిగా మిగిలాడు."

"నా కూతురి కాళ్ళ తాడు కోసిందెవరు పెదనాన్నా? నీ ఎముకవాళ్ళా?"

సాదిబకాస్ గడ్డం నిమురుకున్నాడు. పక్కకి తప్పుకున్నాడు.

తాడు సంగతి చెప్పాలి. పిల్లలు తొలి అడుగులేసేటప్పుడు రెండు కాళ్ళకీ నలుపూ తెలుపూ కలిపి పేనిన ఉన్ని తాడు కట్టి కోయిస్తాం. కోసినవాడి గుణం బిడ్డకొస్తుంది. అందుకని చురుకైనవాణ్ణో, మాటకారినో పిలుస్తారు. కనిషాయికి ఎడమకాలు సన్నం. ఏడాదికి నడవలేదు. రెండేళ్ళకీ లేదు. బురుల్‌చా మొగుడు అప్పటికే పట్నంలో ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. ఇమాన్‌కుల్ ప్రతి వసంతంలో కొత్త తాడు పేనేవాడు. పాతది పొయ్యిలో వేసేవాడు. రోజూ పొద్దున్నే గొర్రె కొవ్వు కాచి ఆ కాలికి పట్టించేవాడు. పిల్లని తన బూట్ల మీద నిలబెట్టుకుని గుడారం చుట్టూ నడిచేవాడు. మంద చెదిరిపోయినా సరే, ఆ నడక అయ్యాకే కొండెక్కేవాడు. నాలుగో తాడు పేనిన ఏడాది పిల్ల ఆరడుగులు వేసింది.

కోయడానికి నన్ను పిలిచాడు.

"నన్నెందుకన్నా? పిల్ల మూగదైపోతుంది."

"అవనీ. నువ్వు తొందరపడవు. వదిలేసి పోవు. నాకది చాలు."

కనిషాయి నాలాగే తయారైంది. మేమిద్దరం ఒకచోట కూర్చుంటే ఈగ కూడా విసుగొచ్చి లేచిపోతుందని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు.

బురుల్‌చాకి ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. అందరూ ఇమాన్‌కుల్‌ని మళ్ళీ పెళ్ళి చేసుకోమన్నారు. "ముందు దీని జడ సంగతి చూడనీ" అన్నాడు. ఉన్ని కత్తిరించీ కత్తిరించీ కాయలు కాచిన వేళ్ళు. వాటితో ఆడపిల్ల తల మీద చెయ్యి వెయ్యడానికి భయపడ్డాడు. ముందు గుర్రం తోక మీద నేర్చుకున్నాడు. గొర్రెల లెక్కకొచ్చిన అధికారి ఆ తోక చూసి, "పెళ్ళికూతురా ఇది?" అని అడిగాడు. ఇమాన్‌కుల్ నవ్వలేదు. "పాయలు సమానంగా వచ్చాయా లేదా, అది చెప్పండి" అన్నాడు. నెలకల్లా పిల్ల తలకి ఇరవై సన్న జడలు పడ్డాయి. మళ్ళీ పెళ్ళి మాట ఎవరెత్తినా జడ ఇంకా కుదరలేదనేవాడు. బురుల్‌చా కాపరానికి వెళ్ళేదాకా అదే జవాబు.

నడుముకి గుడ్డ కట్టుకున్నాను. కర్ర పట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాను.

మొదటి కారు రోడ్డు మలుపులో ఆగింది. నలుగురు దిగి, టోపీలు సర్దుకుని, ఏడుస్తూ వచ్చారు. నేను "నా తోడబుట్టినవాడా" అనాలి. తమ్ముడి స్థానంలో ఉన్నవాడికి అదే మాట. నోరు తెరిచాను. గాలే వచ్చింది. వాళ్ళు దగ్గరికొచ్చేశారు. నా మొహం చూసి వాళ్ళ ఏడుపు తగ్గింది. సాదిబకాస్ మనుషులు వెనకనుంచి గబగబా ఏడుపందుకుని కప్పేశారు.

"ఇంకోసారి ఇలాగైతే కర్ర ఇచ్చెయ్" అన్నాడు సాదిబకాస్, పళ్ళ మధ్యనుంచి. "ఆయన పరువు నీ గొంతులో ఉంది."

రెండో బండి వచ్చింది. గుర్రాల మీద ఇద్దరొచ్చారు. అప్పుడూ అంతే. సాదిబకాస్ చెయ్యి చాచాడు. కర్ర ఇవ్వలేదు. ఇవ్వకుండా ఏం చేస్తానో నాకూ తెలియదు.

అప్పుడు లోపల ఆడవాళ్ళ రాగం ఆగింది. కనిషాయి వంతు వచ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. దానికి రాగం రాదు. ఉన్ని గోడ అవతలనుంచి మామూలుగా మాట్లాడినట్టే అంది.

"తాతా, బడికి గుర్రం మీద తీసుకెళ్ళేటప్పుడు నా బూట్లు నీ కోటు లోపల పెట్టుకునేవాడివి. దిగేసరికి వెచ్చగా ఉండేవి. నీ చొక్కా మీద రెండు తడి మరకలుండేవి. నేను చూశాను. నీకు చెప్పలేదు."

అంతే.

రోడ్డు మలుపులో ఇంకో గుంపు ఏడుపు మొదలెట్టింది. నా నోరు దానంతటదే తెరుచుకుంది. "నా తండ్రీ" అన్నాను. గట్టిగా వచ్చింది. కుక్కలు లేచాయి. మళ్ళీ అన్నాను. వచ్చేవాళ్ళు వచ్చేదాకా అంటూనే ఉన్నాను.

అది కొడుకు అనాల్సిన మాట. మా నాన్న యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. నేనప్పటికి పుట్టలేదు. ఆ మాట అంతవరకూ నా నోట పడలేదు. రెండు రోజులు నిలబడ్డాను. ఎవరొచ్చినా అదే అన్నాను.

మూడో రోజు మట్టికి తీసుకెళ్ళారు. నమాజుకి ముందు కొడుకు అందరి ఎదుటకీ వచ్చి ఒక మాట అడగాలి. ముల్లా నావైపు చూశాడు. వెళ్ళి నిలబడ్డాను.

"ఇమాన్‌కుల్ ఎలాంటి మనిషి?" అని అడిగాను.

"మంచి మనిషి" అన్నారు అందరూ, ఒక్క గొంతుతో. అందరికీ అదే అంటారు. గుర్రాల దొంగ పోయినప్పుడూ అదే అన్నారు. నేను ఇంకేమైనా చెప్పాల్సిందేమో. వెనక్కొచ్చాను. నమాజయ్యాక మొదటి పార మట్టి వేశాను.

మేం తిరిగొచ్చేసరికి ఆడవాళ్ళు గుడారం విప్పేశారు. గడ్డి మీద గుండ్రటి గుర్తు మిగిలింది. భోజనాలయ్యాక సాదిబకాస్ నా పక్కన కూర్చున్నాడు.

"తండ్రీ అన్నావు. ఊరంతా విన్నది. కొడుకన్నవాడు ఏడాది దినానికి గుర్రాన్ని కోసి అందరికీ పెట్టాలి. తెలుసుగా?"

"తెలుసు."

"నీకున్నది ఒక్కటే కదయ్యా."

అవును. పదకొండేళ్ళ గోధుమరంగు ఆడగుర్రం. మా వాకిట్లో నేను కాక ఊపిరి పీల్చేది అదొక్కటే.

బురుల్‌చా గిన్నెలు పక్కన పెట్టి వచ్చింది. "బాబాయ్, నోరు జారిందని ఒక్క మాట అను. ఇంతమంది ముందు అంటే అయిపోతుంది. ఎవరూ తప్పు పట్టరు. పెదనాన్నా, పడతావా?"

"నేనెందుకు పడతాను" అన్నాడు సాదిబకాస్. ఆయన గొంతు మెత్తబడింది. "అను, పోనీ. ఆ గుర్రం లేకపోతే నీకు ఎవరున్నారు?"

కనిషాయి తలుపు దగ్గర నిలబడి నావైపే చూస్తోంది.

"జారలేదు" అన్నాను.

ఇప్పుడు మంచు మోకాలిదాకా ఉంది. గుర్రమెక్కడం మానేశాను, దాని ఒళ్ళు తగ్గిపోతుందని. వారానికోసారి బురుల్‌చా ఇంటికి నడిచి వెళ్తున్నాను. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. కనిషాయి టీ పోస్తుంది. తాగి వచ్చేస్తాను. మిగిలిన రోజులు ఎవరూ రారు. పొద్దునా సాయంత్రం బార్లీ నానబెట్టి గుర్రానికి పెడతాను. అది తిన్నంతసేపూ పక్కన నిలబడతాను. మెడ కింద చెయ్యి పెట్టి చూస్తే కొవ్వు పడుతున్నట్టు తెలుస్తోంది.