పరాయి కిడ్నీ

దర్జీకి అన్నిటికన్నా కష్టమైంది దాహం. కిడ్నీలు రెండూ చెడిపోయాక, తాగిన నీళ్ళు బయటికి పోయే దారి లేదు. అందుకని రోజుకు సరిపడా నీళ్ళు భార్య ఒక చిన్న సీసాలో పోసి ఇచ్చేది. ఎండాకాలంలో అవి మధ్యాహ్నానికే అయిపోయేవి. అప్పుడు మంచుముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని మిషను తొక్కేవాడు. వారానికి మూడు రోజులు ఆసుపత్రికి వెళ్ళి, రక్తం శుభ్రం చేసే యంత్రం పక్కన పడుకోవాలి. తక్కిన రోజుల్లోనూ కత్తిరింపు బల్ల దగ్గర ఎక్కువసేపు నిలబడలేకపోయేవాడు. కోట్లు కుట్టడం మానేసి, గుండీలు, అంచులు, కూర్చుని చేసే పనులే తీసుకుంటున్నాడు.

భార్య తన కిడ్నీ ఇస్తానంది. అది అతనికి సరిపడలేదు. వీధి చివర మాంసం కొట్టు నడిపే ఆమె అన్న తానే ఆసుపత్రికి వచ్చి, "నాది తీసుకోండమ్మా, దున్నపోతులా ఉన్నాను" అన్నాడు డాక్టరమ్మతో. పరీక్షలు చేస్తే ఆయనకే షుగరుందని తేలింది. "ఇద్దామని వచ్చి తగిలించుకుని పోతున్నాను" అని నవ్వాడు గానీ, మెట్లు దిగుతున్నప్పుడు చెల్లెలి ముఖం చూడలేకపోయాడు. చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం పేరు రాయించి అప్పటికే ఏళ్ళు గడిచాయి.

ఒకరోజు డాక్టరమ్మ భార్యాభర్తలిద్దరినీ తన గదికి పిలిచింది. పరాయి అవయవమని మనిషి ఒళ్ళు వెంటనే తిప్పికొట్టకుండా, పుట్టుకలోనే మార్పులు చేసి పెంచుతున్న పందులు ఉన్నాయని, వాటి కిడ్నీ ఒకటి పెట్టి చూడొచ్చని చెప్పింది.

"ఇంతకుముందు పెట్టించుకున్నవాళ్ళు ఎలా ఉన్నారండీ?" అని అడిగింది భార్య.

డాక్టరమ్మ నీళ్ళు నమలలేదు. "చాలా కొద్దిమందికే పెట్టారు. కొందరు నెలల తరబడి బాగున్నారు. కొందరు పోయారు. ఈయనకి ఎన్నాళ్ళు పనిచేస్తుందో నేను చెప్పలేను."

"మనిషిది దొరకదా?"

"దొరకొచ్చు. అది ముందొస్తుందో, ఈయన గుండె ముందు అలిసిపోతుందో తెలీదమ్మా."

మర్నాడు పొద్దున్నే దర్జీ బావమరిది కొట్టుకు వెళ్ళాడు. వయసులో పెద్దవాడు కాబట్టి అతన్ని బావా అనే పిలిచేవాడు.

"బావా, పంది కిడ్నీ ఒకటి చూపించు."

"ఎందుకయ్యా పొద్దున్నే?"

"చూడాలనుంది."

మాంసం కొట్టాయన లోపలికెళ్ళి, పళ్ళెంలో ఒకటి తెచ్చి పెట్టాడు. ఇంకా చల్లారలేదు. దర్జీ దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. నున్నగా, చేతికి బరువుగా ఉంది.

"ఇంతేనా?"

"ఇంతే. గుప్పెడంత. నీదీ ఇలాగే ఉంటుంది."

దర్జీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పళ్ళెంలో పెట్టి చేతులు కడుక్కుని, "పెట్టించుకుంటాను బావా" అన్నాడు.

మాంసం కొట్టాయన కత్తి పక్కన పెట్టాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "మా చెల్లెల్ని కడుపులో పెట్టుకుని చూసుకోమన్నాను గానీ, పందిని కాదు కదయ్యా" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఆపరేషన్ రోజున అన్నాచెల్లెళ్ళిద్దరూ వరండాలో కూర్చున్నారు. డాక్టరమ్మ మాస్కు కిందికి లాక్కుంటూ వచ్చి, "రక్తం అందగానే కిడ్నీ రంగు తిరిగింది. బల్ల మీదే మూత్రం వచ్చింది" అంది. భార్య లేచి డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

ఆమె అన్న, "ఆ పంది?" అని అడిగాడు.

"మత్తులోనే పోయిందండీ. దానికేం తెలీదు."

"నేను కోసేవాటికి తెలుస్తుంది" అన్నాడాయన మెల్లగా. మర్నాడు ఎప్పటిలాగే కొట్టు తెరిచాడు. ఆయనకు వేరే పని రాదు.

ఇంటికొచ్చిన మొదటిరోజు దర్జీ బాత్రూములోకి వెళ్ళి ఎంతకీ బయటికి రాలేదు. భార్య కంగారుపడి తలుపు తట్టింది.

"ఏమైంది?"

"ఏం కాలేదు. వస్తోంది. వింటున్నాను" అన్నాడు లోపలినుంచి.

ఆమె తలుపు దగ్గరే నిలబడి తనూ విన్నది.

తర్వాతి నెలలు పండగలాంటివి. కడుపునిండా నీళ్ళు తాగాడు. బల్ల దగ్గర నిలబడి కోట్లు కత్తిరించాడు. బావకు, బొజ్జ దగ్గర వదులు పెట్టి మరీ, ఒక చొక్కా కుట్టిచ్చాడు. "బురదలోకి ఎప్పుడు దిగుతావు?" అని వీధిలోవాళ్ళు ఆటపట్టిస్తే, "నువ్వు పక్కకి జరిగితే దిగుతాను" అనేవాడు.

చలి మొదలయ్యాక కాళ్ళు వాచాయి. జ్వరం వచ్చింది. ఒళ్ళు ఆ కిడ్నీ మీద తిరగబడిందని పరీక్షల్లో తెలిసింది. మందులు మార్చారు, పెంచారు. ఆఖరికి దాన్ని తీసేశారు. మెలకువ వచ్చినప్పుడు మంచం పక్కన డాక్టరమ్మ కూర్చుని ఉంది.

"మిమ్మల్ని చూసి మేం చాలా నేర్చుకున్నాం" అంది.

"సంతోషమండీ" అన్నాడు దర్జీ గోడవైపు తిరిగి. "నాకు దాహంగా ఉంది."

ఆమె దూది తడిపి అతని పెదాలకు అద్దింది. వెంటనే లేచి వెళ్ళిపోలేదు.

చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు, దర్జీ మళ్ళీ యంత్రం దగ్గరికే చేరాడు. పక్క మంచం మీద ఒక పంతులమ్మ ఉండేది. మనిషి మెత్తన, మాట కరుకు. ఒకరోజు ఆమె ఇటు తిరిగి, "డాక్టరమ్మ నన్నూ అడిగింది. నిజం చెప్పు నాయనా. నిన్ను మళ్ళీ అడిగితే ఒప్పుకుంటావా?" అంది.

భార్య అక్కడే కూర్చుని ఉంది. తల వంచుకుంది.

"ఒప్పుకుంటానండీ" అన్నాడు దర్జీ. "ఆ నాలుగు నెలలూ నేను జబ్బు మనిషిని కాదు. కానీ ఒకటి. ఇక్కడికి మొదటిసారి రావడం కష్టం కాదు. తిరిగి రావడం కష్టం. మా ఆవిడతో వారం రోజులు మాట్లాడలేదు. ఎవరి మీదో తెలీని కోపం. అది కూడా తెలుసుకుని ఒప్పుకోండి."

"వద్దంటున్నావా?"

"అనట్లేదు. నేను ఔనన్నానని మాత్రం మీరు ఔననకండి."

పంతులమ్మ ఆ రోజంతా పైకప్పు చూస్తూ పడుకుంది. పై వారం ఆమె మంచం ఖాళీ అయింది. ఒప్పుకుందట.

ఆమెకు ఆపరేషన్ జరిగింది దర్జీ యంత్రం దగ్గర ఉండాల్సిన రోజే. ఆ వరండాలో కూర్చోవడం ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి, అతని భార్య వెళ్ళి పంతులమ్మ కూతురి పక్కన కూర్చుంది. సాయంత్రం డాక్టరమ్మే యంత్రాల గదికి వచ్చింది.

"పనిచేస్తోంది. మీకు ఆలస్యంగా ఇచ్చిన మందు ఈసారి ముందే మొదలుపెట్టాం" అని చెప్పింది.

"మంచిదండీ" అన్నాడు దర్జీ. ఆమె అతని చేతిమీద చెయ్యి వేసి వెళ్ళింది.

కాసేపటికి భార్య వచ్చింది. మంచం అంచున కూర్చుని, "ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదు" అంది.

"ఏమంటోంది?"

"ఏమీ అనలేదు. ఏడ్చింది. తర్వాత ఆకలేస్తోందంది."

దర్జీ నవ్వి, ఆమెకు చోటిస్తూ కాళ్ళు కొంచెం పక్కకు జరుపుకున్నాడు.