ఎదురు కొండ మీద అక్క

మా అమ్మ ఇన్సాఫ్‌కి తోబుట్టువంటూ ఉన్నది ఒక్క అక్కే, నజ్మియ్యా పెద్దమ్మ. నబ్లుస్ ఊరు రెండు కొండల మధ్య ఇరుక్కుని ఉంటుంది. మా ఇల్లు దక్షిణపు కొండ వాలులో, పెద్దమ్మ ఇల్లు ఉత్తరపు కొండ వాలులో. పెదనాన్న పోయాక పెద్దమ్మ పై అంతస్తులో ఒక్కతే ఉండేది, కింద ఒక కుటుంబం అద్దెకుండేది. మామూలు రోజుల్లో అమ్మ పొయ్యి మీద పప్పు పెట్టి, ఉడికేలోపు అక్కని చూసొస్తానని బయల్దేరేది. ఆ పప్పు మాడకుండా దించేది నేనో, నాన్నో.

రెండు వేల రెండు వేసవిలో పరాయి సైన్యం ట్యాంకులు ఊళ్ళోకి వచ్చి కర్ఫ్యూ పెట్టాక ఆ రాకపోకలు ఆగిపోయాయి. ఎప్పుడో ఒకరోజు జీపులో మైకు పెట్టుకుని వచ్చి, మధ్యాహ్నం దాకా బయటికి రావచ్చని అరిచి వెళ్ళేవాళ్ళు. ఆ కాస్త సమయంలోనే ఊరంతా రొట్టెల కోసం, మందుల కోసం, పాల కోసం పరుగులు పెట్టేది. అమ్మ కూడా అంతే. అక్క దగ్గరికి వెళ్ళాలంటే లోయలోకి దిగి మళ్ళీ ఎక్కాలి. వెళ్తే, తిరిగొచ్చేసరికి గడువు అయిపోయి ఇంట్లోకి గింజ కూడా దొరకదు. ట్యాంకు తగిలి స్తంభం కూలడంతో పెద్దమ్మ ఫోను కూడా మూగబోయింది. ఇక మిగిలింది డాబాలే. పొద్దువాలే వేళ అమ్మ మా డాబా ఎక్కేది, అటు పెద్దమ్మ ఎక్కేది. మొహం కనపడేది కాదు. నల్లటి నిలువు గీతలా ఒక మనిషి, ఊపుతున్న చెయ్యి, అంతే. అమ్మ మాత్రం, "అక్క కుంటుతోంది, మళ్ళీ మోకాలు పట్టేసినట్టుంది," అని చెప్పేది. అంత దూరం నుంచి నీకెలా తెలిసిందని నాన్న నవ్వేవాడు.

ఒక సాయంత్రం ఆ డాబా మీద పెద్దమ్మ లేదు. ఇసుక మూటలున్నాయి, వాటి మీద వల పరిచి ఉంది. సైనికులు ఆ ఇంటిని ఆక్రమించుకున్నారని మాకు అలా తెలిసింది. ఎత్తుగా ఉన్న ఇళ్ళని అలా ఆక్రమించుకోవడం, ఇంట్లో వాళ్ళందరినీ ఒకే గదిలో పెట్టడం అప్పట్లో ఊరంతా జరుగుతున్నదే. అమ్మ ఏడవలేదు. కిందికి దిగి, పెద్దమ్మ వేసుకునే రక్తపోటు మాత్రలు మనింట్లో ఎన్ని ఉన్నాయో వెతకమంది.

మళ్ళీ కర్ఫ్యూ సడలించిన రోజున బజారు పని నాన్నకి అప్పగించి, అమ్మ నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. బుట్టలో రొట్టెలు, తెల్ల జున్ను, మాత్రలు, టమాటాలు వేసి వండిన బెండకాయ కూర పెట్టింది. లోయలో జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. అమ్మ ఎవరి పలకరింపుకీ ఆగలేదు.

పెద్దమ్మ ఇంటి గుమ్మం దగ్గర ఒక సైనికుడున్నాడు, నాకంటే చిన్నవాడే అయ్యుంటాడు. వచ్చీరాని అరబ్బీలో వెళ్ళమన్నాడు. అమ్మ కదల్లేదు. లోపల ఉన్నది తన అక్క అనీ, మాత్రలు ఇచ్చి వెళ్ళిపోతాననీ చెప్పింది. వాడు బుట్టలో చెయ్యి పెట్టి కెలికాడు, రొట్టెలు విరిచి చూశాడు. లోపలికి మాత్రం వీల్లేదన్నాడు. అంతలో మొదటి అంతస్తు కిటికీ తెరుచుకుంది.

"అరవకే ఇన్సాఫూ, బతికే ఉన్నాను," అంది పెద్దమ్మ.

అమ్మ తలెత్తి చూసింది. కిటికీకీ వీధికీ మధ్య మనిషి చెయ్యి చాచినా అందనంత ఎత్తుంది. కూరలమ్మే వాడికి దించినట్టే పెద్దమ్మ ఒక తాడు దించింది. నేను బుట్ట దానికి కట్టాను. సైనికుడు చూసి, మొహం అటు తిప్పుకున్నాడు.

పెద్దమ్మ బుట్ట పైకి లాక్కుని, గిన్నె మూత తీసి వేలితో రుచి చూసింది.

"బెండకాయలు ముదిరిపోయాయి. ఎవరు తెచ్చారు, మీ ఆయనా?"

"ఇంకెవరు? దొరికినవి తెచ్చాడు. నువ్వు తినక్కా ముందు. మోకాలెలా ఉంది?"

"మెట్లెక్కే పనే లేదు కదా, హాయిగా ఉంది. కింది వాళ్ళతో కలిపి అందరం ఈ ఒక్క గదిలోనే. వాళ్ళ పసిది రాత్రంతా నా గౌను అంచు పట్టుకునే పడుకుంటోంది."

"నిన్ను పంపమని అడగనా?"

"అడగొద్దు. నేను కదిలితే ఈ పిల్లలకి ఎవరున్నారు? నువ్విక వెళ్ళు, టైమైపోతుంది."

అమ్మ వెళ్ళలేదు. గోడ మీద అరచెయ్యి ఆనించి, టైమైపోతోందని మైకు మోగేదాకా అలాగే నిలబడింది. ఇంటికొచ్చాక, బెండకాయలు లేతవి చూసి తేవడం కూడా రాదా అని నాన్న మీద విరుచుకుపడింది.

ఎండలు తగ్గుముఖం పట్టే రోజుల్లో సైనికులు ఆ ఇల్లు వదిలిపోయారు. వీలు దొరకగానే పెద్దమ్మని మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆమె ఇల్లు చూడలేకపోయాను. పరుపులు చీల్చేశారు, గోడకి కన్నం పెట్టారు, పిండి డబ్బా నేల మీద బోర్లించి దాని మీద బూట్లతో నడిచారు.

ఆ వారం అమ్మ నవ్వినంతగా ఆ ఏడాదంతా నవ్వలేదు. నాన్నని వేరే గదిలోకి పంపి, అక్కాచెల్లెళ్ళిద్దరూ నేల మీద పక్కలేసుకుని తెల్లారేదాకా కబుర్లు చెప్పుకున్నారు. కానీ రోజులు గడిచేకొద్దీ పెద్దమ్మ మాటలు తగ్గాయి. అస్తమానం డాబా మీదే ఉండేది. ఒకరోజు టీ ఇవ్వడానికి వెళ్తే అమ్మ కూడా అక్కడే ఉంది.

"నా ఇల్లు ఇక్కణ్ణుంచి ఇంత చిన్నగా కనపడుతుందా? ఇన్నాళ్ళూ నువ్వు చూసింది దీన్నేనా?" అంది పెద్దమ్మ.

"ఇల్లు కాదు, నిన్ను చూశాను."

"నేను వెళ్ళిపోతానే."

అమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. "ఇక్కడ నీకేం లోటు చేశాం?"

"లోటేం లేదు. నీ వంటింట్లో ఉప్పెక్కడుందో నేను వెతుక్కోవాలి, అంతే. ఇల్లు ఖాళీగా ఉందని తెలిస్తే వాళ్ళు మళ్ళీ ఎక్కి కూర్చుంటారు. నేనుంటే కనీసం తలుపు కొట్టాలి కదా."

అమ్మ బతిమాలింది, అలిగింది, ఒక పూట అన్నం మానేసింది. పెద్దమ్మ మాత్రం మూట కట్టుకుని కూర్చుంది.

తరవాత కర్ఫ్యూ సడలించిన రోజున అమ్మా, పెద్దమ్మా, నేనూ కలిసి వెళ్ళాం. చిరిగిన పరుపులు మెట్ల మీంచి కిందికి దొర్లించాం, గోడ కన్నానికి గుడ్డలు కుక్కాం. కింది వాళ్ళ పిల్లలు నీళ్ళు మోశారు. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని గచ్చంతా తోమింది, కడిగిందే మళ్ళీ కడిగింది. టైమవుతోందని నేను రెండు మూడుసార్లు హెచ్చరించాను. వినపడనట్టే ఉంది. కింద వీధిలో జనం పరుగెత్తే చప్పుడు మొదలయ్యాక చీపురు పక్కన పెట్టి నావైపు చూసింది.

"నువ్వు వెళ్ళు రువైదా. గచ్చు ఇంకా ఆరలేదని నాన్నతో చెప్పు."

పెద్దమ్మ అటు తిరిగి టీ నీళ్ళలో సీమ తులసాకు వేస్తోంది. ఆమె భుజాలు వదులయ్యాయి.

ఒక్కదాన్నే లోయ దిగి మళ్ళీ కొండెక్కాను. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా వెనకాల ఎవరూ లేరని చూశాడు. గచ్చు ఇంకా ఆరలేదట అని చెప్పాను. "ఎప్పటికి ఆరుతుందట?" అన్నాడు. తెలీదన్నాను.

తలుపు గడియ పెట్టి వంటింట్లోకి నడిచాడు. పప్పు డబ్బా ఏ అలమరలో ఉందో ఇద్దరం వెతకడం మొదలుపెట్టాం.