హైమవతీ మత్స్యము

నైరృతి మేఘములు వెనుదిరిగి వర్షాకాలపు కలకయంతయు నడుగంటిన యాశ్వయుజమాసమున, అండమాను సముద్రమధ్యమందలి యొక చిన్నదీవి చుట్టును జలధి మరకతకాంతుల నీనుచు నిస్తరంగమై యుండెను. ప్రవాళశైలశాఖాంతరముల నీలపీతపాటలవర్ణములు గల మీనములు జంటలు జంటలుగ విహరించుచుండ, తీరమునందలి పరిశోధనశాలలో నేబదియేండ్ల హైమవతి యొక్కతె కూర్చుండి యొక కాగితమును మరల మరల చదువుచుండెను.

ఇరువదియేండ్ల క్రిందట ఆమె భర్త పరాంకుశముగారు ఆ పగడపుదిబ్బలయందే పసుపుమేనిపై నల్లని వలగీతలు గల యొక సీతాకోకచేపను గని, యది లోకమెఱుంగని క్రొత్తజాతియని ప్రకటించి దానికి భార్యపేరిడిరి. సంతానములేని యా దంపతుల కా నామకరణమే యొక యుత్సవమయ్యెను. ఆయన గతించి నాలుగేండ్లు గడచెను. ఆయన యసంపూర్ణముగ విడిచిన మత్స్యవంశవృక్షమును ముగింపబూని, హైమవతి యా సీతాకోకచేపలు పదునేడింటి రెక్కలనుండి చిఱుతునుకలు గొని జన్యుపరీక్షకు బంపెను.

ఆ కాగితమందలి ఫలితము నిస్సంశయముగ నుండెను. తల్లివలన మాత్రమే సంక్రమించు జన్యుభాగము పదునేడింటను ఆ తీరమున విరివిగ దొరకు నొక జాతిదే. తక్కిన జన్యువులలో సగపాలు దూరసముద్రములనుండి యరుదుగ వచ్చు మఱియొక జాతివి. లక్షలయేండ్ల క్రిందట నొక్క వంశమునుండి చీలి వేఱైన రెండు శాఖలు, స్వజాతియందు జోడు దొరకక మరల గలసికొనగా బుట్టిన సంతానమే గాని యది ప్రత్యేకజాతి గాదు.

ఆమెను పడవపై దిబ్బలకు గొనిపోవు అసిరయ్య, శ్రీకాకుళపు తీరమునుండి వలసవచ్చిన వృద్ధజాలరి, అప్పుడే లోనికి వచ్చెను. హైమవతి యాతనితో సంగతి చెప్పెను.

"అది మాకు మొదట్నుంచీ ఎరికేనమ్మా," అని యాతడు తలవంచుకొనెను. "జోడు దొరక్కపోతే పక్కజాతితో కూడతాయి. అయ్యగోరు అంత సంబరపడిపోతంటే సెప్పడానికి నోరు రానేదు."

"ఇన్నేళ్లూ నాకైనా చెప్పలేదేం, అసిరయ్యా?"

"ఇప్పుడు మాత్రం ఎవులడుగుతారమ్మా? ఆ కాయితం దాసేయండి. అయ్యగోరి మాట నిలబడతాది."

ఆ మాట మూడుదినము లామెను వెంటాడెను. కాగితమును దాచిన తన పేరును భర్తకీర్తియు నిలుచును. కాని కంటికి గనబడినదానిని గనబడినట్లు వ్రాయుటయే వ్రతముగ బ్రతికిన యాయన కంతకంటె గొప్ప యవమాన ముండదు. నాల్గవనాటి మధ్యాహ్నమున నామె వ్యాసము వ్రాయుటకు గూర్చుండెను.

వ్రాసినదానిని తప్పులు సరిచూచుటకై బిగ్గఱగ జదువుట యామె యలవాటు. ఇరువదియాఱేండ్ల కాపురమున నామె భర్తను "ఏమండీ" యని పిలిచినదే గాని యేనాడును పేరు పలికి యెఱుగదు. శాస్త్రవ్యాసమున నట్టి మర్యాదలకు దావులేదు.

"పరాంకుశము నిర్ణయము పొరపాటు," అని యామె చదివెను.

తన గొంతున తొలిసారి వినబడిన యా పేరునకు హైమవతి తానే యులికిపడి యాగెను. బయట మధ్యాహ్నపుపోటు మెల్లమెల్లగ తీరపుటిసుకను గప్పుచుండెను. ఆమె కన్నులొత్తుకొని, గొంతు సవరించుకొని, తక్కిన వాక్యములను కడదాక జదివెను.