లిదియమ్మ ఎక్కితేనే మూడో గేరు

తోమాసు పెనుబల్లి నుంచి అడవి వైపు ఊళ్లు తిరిగి ఇళ్లకు వైరింగ్ చేస్తాడు. చనిపోయిన మామగారి పాత బండి అతనికి వచ్చింది. ఒక్కడే నడిపితే అది రెండో గేరు దాటదు. గేరు పెడలు కదులుతుంది, మూడు మాత్రం పడదు, ఇంజను ఊరికే అరుస్తుంది. భార్య మహిమను ఎక్కించుకున్నా అంతే. ఆదివారం అత్తగారు లిదియమ్మను చర్చికి తీసుకెళ్తే మాత్రం నాలుగు గేర్లూ పడతాయి.

దాంతో పనికి కూడా అత్తగారినే తీసుకెళ్లసాగాడు. అతను గోడలు కొడుతుంటే ఆమె ఆ ఇంటివాళ్లు పెట్టిన అన్నం తిని, స్విచ్చులు ఎక్కడ ఉండాలో చెప్పేది. వాళ్లు ఆమె మాటే వినడం మొదలుపెట్టారు. అది భరించలేక తోమాసు ఆమెతో సహా తల్లాడలో మెకానిక్ రూప్లా దగ్గరికి వెళ్లాడు.

రూప్లా క్లచ్ కేబుల్ సరిచేశాడు, పెడలు బిగించాడు, ఆయిల్ మార్చాడు. రెండో గేరే. బరువు వల్లేమోనని ఎరువుల దుకాణంలో లిదియమ్మను కాటా ఎక్కించి, అంతే బరువున్న బియ్యం బస్తా వెనక కట్టి తోమాసును పంపాడు. రెండే. బస్తాను ఆమెలాగా ఒక పక్కకు వాల్చి కట్టాడు. అయినా రెండే. కాటా దిగినప్పటి నుంచి లిదియమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు.

చివరికి రూప్లా ఆమెనే తోమాసు వెనక ఎక్కించి, తన బండి మీద పక్కనే వెళ్తూ గమనించాడు. రెండో గేరు దాటాల్సినప్పుడు తోమాసు క్లచ్ పట్టగానే లిదియమ్మ కుడికాలు చాచి పెడలును ఇంజను వైపు తోస్తూ గేరు వేస్తోంది.

బండి ఆపించి అడిగితే అప్పుడు నోరు విప్పింది. "మీ మామకు ఎడమకాలు సరిగ లేకుండె. ఆయన క్లచ్ పట్టేటోడు, నేను గేరు ఏసేదాన్ని."

"మరి నాకెందుకు చెప్పలేదు అత్తమ్మా?"

"నువ్వే ఏస్తున్నవ్ అనుకుంటుంటివి గదా. ఎందుకులే అని."

రూప్లా ఇంజను పక్క మూత విప్పాడు. పెడలు రాడ్డుకు ఉండాల్సిన వాషర్ లేదు. రాడ్డు బయటికి జరిగిపోయి, లోపలి కొక్కెం పై గేర్లకు అందడం లేదు. ఆమె తోసినప్పుడే అందుతోంది. వాషర్ వేయగానే తోమాసు ఒక్కడే నాలుగో గేరులో ఒక చుట్టు తిరిగొచ్చాడు.

ఆదివారం చర్చికి బయలుదేరారు. తోమాసు మూడో గేరు వేశాడు, ఆ వెంటే ఆమె కూడా వేసింది. బండి గింజుకుని ఆగిపోయింది. మళ్లీ అంతే. బండి బాగైందని, కాలు తీయమని అతను బతిమాలాడు. కాలు దానంతటదే పోతోందని, ఆపడం తన వల్ల కాదని ఆమె అంది.

తోమాసు ఎడమకాలు ఎత్తి ముందున్న గార్డు మీద పెట్టుకున్నాడు.

"క్లచ్ పట్టు," అంది లిదియమ్మ.

పట్టాడు. ప్రార్థన మొదలయ్యేలోపే చేరారు.