కట్టడాల వినయం

ఆవిడ ఎత్తు అయిదడుగులు. ఈ సంగతి ముగ్గురికే తెలుసు: ఆవిడకి, దర్జీ పని చేసిన ఆవిడ నాన్నకి, ఇంట్లో అద్దానికి. అద్దం ఎవరితోనూ అనదు. నాన్న పోయి చాలాకాలమైంది. ఇక మిగిలింది ఆవిడ నోరొక్కటే. దాన్ని ఇరవై ఏళ్ళుగా కుట్టేసుకుని కూర్చుంది.

పెళ్ళి మాటలప్పుడు పెళ్ళికొడుకు అక్కగారు, "మావాడు ఆరడుగుల మనిషి. పిల్ల వాడి గడ్డం దాకా అయినా రాకపోతే పక్కన నిలబడ్డప్పుడు ఏం బాగుంటుంది?" అని మూతి విరిచింది. నాన్న ఏమాత్రం తడుముకోకుండా, "మా అమ్మాయి అయిదడుగుల మూడంగుళాలండీ" అనేశాడు. కొలతల విషయంలో దర్జీ మాటకి ఎదురు చెప్పేదెవరు? తర్వాత కూతురు నిలదీస్తే, "బట్ట కత్తిరించేటప్పుడు ఎప్పుడూ కాస్త ఎక్కువే పెట్టుకోవాలమ్మా. కుట్టులో పోయేది పోతుంది" అని పళ్ళతో దారం తెంపుకున్నాడు.

ఆ మూడంగుళాలు కుట్టులో పోలేదు. ప్రపంచమంతా తిరిగాయి.

ఎందుకంటే ఆవిడ మొగుడి పని కట్టడాల ఫొటోలు తీయడం. వెయ్యేళ్ళ నాటి గుమ్మటాల దగ్గర్నుంచి నిన్నగాక మొన్న లేచిన అద్దాల మేడల దాకా, కోటలూ, రైల్వే స్టేషన్లూ, ధాన్యం గిడ్డంగులూ, ఏ దేశంలో ఏది నిటారుగా నిలబడి కనిపించినా దాని ముందు ఆయన కెమెరా స్టాండు పాతుకోవాల్సిందే. ఫొటోలో గోడ వెంట్రుకవాసి ఒరిగినా ఆయనకి ముద్ద దిగదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ మీది పటాలన్నీ సరిచేసి, ఆ తర్వాతే కుర్చీలో కూర్చుంటాడు. ఆవిడ తమ్ముళ్ళు ఆయన్ని 'నిటారు బావ' అంటారు. ఆయన దాన్ని బిరుదుగానే తీసుకున్నాడు.

ఆయనకో పద్ధతి ఉంది. ప్రతి కట్టడానికీ రెండు ఫొటోలు. మొదటిదానిలో ఆవిడ చెప్పులు విప్పి, గోడ మొదట్లో వీపు ఆనించి నిలబడాలి. రెండోదానిలో ఆవిడ నీడ కూడా ఉండకూడదు. మొదటి ఫొటోని పెద్దది చేసి, ఆవిడ నెత్తిన ఆవిడ్నే పేర్చుకుంటూ పోతే, పైకప్పు అందుకోవడానికి ఎంతమంది ఆవిడలు కావాలో తేలుతుంది. దాన్ని అయిదడుగుల మూడంగుళాలతో గుణిస్తే అదీ కట్టడం ఎత్తు. ఎవరో కాగితం మీద రాసిపెట్టిన ఎత్తుని గుడ్డిగా నమ్మడం ఆయనకి నామోషీ.

అలా కొలిచిన ప్రతి కట్టడమూ రికార్డులో ఉన్నదానికంటే కాస్త ఎక్కువే తేలేది. రికార్డులో వంద అడుగులుంటే ఆయనకి నూట అయిదు. ఇంకొకడైతే తన లెక్కని అనుమానించేవాడు. ఆయన సిద్ధాంతం కనిపెట్టాడు. దేశమేదైనా, కాలమేదైనా, గొప్పగా కట్టినవాళ్ళు తమ పని గురించి తగ్గించే చెప్పుకుంటారట. దానికి 'కట్టినవాళ్ళ వినయం' అని పేరు కూడా పెట్టాడు. కాలేజీల్లో దాని మీద ఉపన్యాసాలిచ్చాడు. అవి విని కళ్ళు తుడుచుకున్నవాళ్ళున్నారు. ముందు వరసలో కూర్చున్న ఆవిడ మాత్రం వంచిన తల ఎత్తేది కాదు.

ఒక్క పాత బురుజు ఈ సిద్ధాంతానికి లొంగలేదు. ఆ రోజు వాన. కింద రాళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. విప్పనంటే విప్పనని మొండికేసి, ఆవిడ ఎత్తు మడమల బూట్లతోనే గోడకి ఆనుకుంది. లెక్క రికార్డుకి సరిగ్గా సరిపోయింది. "వీడెవడో పొగరుబోతు. ఉన్నదంతా చెప్పేసుకున్నాడు" అని, ఎప్పుడో అయిదువందల ఏళ్ళ కిందట చచ్చిపోయిన ఆ మనిషిని తను రాస్తున్న పుస్తకం ముందుమాటలో చెడామడా దులిపేశాడు ఆయన.

చెప్పేద్దామని ఆవిడ అనుకోకపోలేదు. మొదట్లో ఆడపడుచంటే భయం. తర్వాత్తర్వాత ఆ ఉపన్యాసాలు, ఆ చప్పట్లు, ఇంటికొచ్చాక ఆయన మొహంలో ఆ వెలుగు. ఎక్కడో ఒక గుమ్మటం అయిదడుగులు పెరిగితే ఎవరి కొంప మునిగింది అని సరిపెట్టుకుంది.

కొంప మునిగింది పుస్తకంలోని ఆఖరి కట్టడం దగ్గర.

అదొక కొత్త గ్రంథాలయం. పుస్తకం అట్ట మీద దాని బొమ్మే వేయాలని నిర్ణయమైపోయింది. దాన్ని రూపొందించిన ఆర్కిటెక్ట్ పెద్దాయన, ముక్కు మీద కోపం, ఏ ఊళ్ళో ఏ కట్టడం తలుపు తెరవాలన్నా ఆయన మాటే చెల్లుతుంది. ఆడపడుచు ఉండేదీ ఆ ఊళ్ళోనే కాబట్టి మకాం వాళ్ళింట్లోనే.

వదినగారు పొడుగు మనిషి. ఆ ఇంట్లో ప్రతిదీ ఆమె చేతి ఎత్తుకే ఉంటుంది. పంచదార డబ్బా పై అరలో, గ్లాసులు దానికీ పైన. ఆవిడ కాసిన్ని టీనీళ్ళు కలుపుకోవాలంటే స్టూలు ఈడ్చుకోవాలి. ఆ చప్పుడు వినబడగానే హాల్లోంచి వదినగారి గొంతు వచ్చేది. "అందడం లేదా? అయిదూ మూడుకి అందాలే."

ఇరవై ఏళ్ళుగా అదే మాట. ఆవిడ ఇరవై ఏళ్ళుగా "కాళ్ళు నొప్పులు వదినా" అంటూనే ఉంది.

ఫొటోలు తీసిన సాయంత్రం గ్రంథాలయం హాల్లోనే అందరికీ టీ ఇచ్చారు. కుర్చీలకి చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా విప్పలేదు. బీరువాలు ఖాళీగా ఉన్నాయి. హాలంతా కొత్త రంగు వాసన. ఒక పక్క ఆర్కిటెక్ట్, ఇంకో పక్క నగరపాలక సంస్థ ఇంజనీరు, తమ్ముడి గొప్ప చూడ్డానికి తయారై వచ్చిన వదినగారు. ఆయన మూలన కూర్చుని లాప్‌టాప్‌లో లెక్క ముగించి, వెలిగిపోతున్న మొహంతో లేచాడు.

"సార్, వినయవంతుల్ని చాలామందిని చూశాను గానీ మీ అంతవాణ్ణి చూడలేదు," అన్నాడు ఆర్కిటెక్ట్‌తో. "తొంభై తొమ్మిదిన్నర అడుగులని రాసుకున్నారు. పంతొమ్మిది మంది మా ఆవిడలు నిలబడితే, పైన ఇంకో ఆవిడ ముక్కు దాకా వచ్చింది. అంటే నూట నాలుగున్నర."

ఆయన దృష్టిలో అది పొగడ్త. ఇంజనీరు మాత్రం టీ కప్పు టక్కున కింద పెట్టాడు. ఆ పేటలో వంద అడుగులు దాటి ఎవరూ ఏదీ కట్టకూడదు. దాటితే దాటినంతా కూల్చేయాలి. ఇది ఊరందరికీ తెలిసిన చట్టం, చుట్టపుచూపుగా వచ్చిపోయే ఈ మొగుడూ పెళ్ళాలకి తప్ప.

"నూట నాలుగున్నరా?" అన్నాడు ఇంజనీరు.

"ఆయన లెక్క తప్పు," అన్నాడు ఆర్కిటెక్ట్.

"నా లెక్క తప్పదండీ," అన్నాడు ఆయన మర్యాదగానే. "ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు."

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. నిజం విషయంలో నిటారుగా ఉండాలి కదా అని, ఫొటో తిప్పి ఇంజనీరుకి చూపించి, ఆవిడ మీద ఆవిడ్ని పేర్చి మరీ వివరించాడు. ఇంజనీరు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని చూశాడు.

"రేపు పొద్దున టేపు వేయించి కొలిపిస్తాను. అంతవరకూ ప్రారంభోత్సవం మాట ఎత్తకండి," అన్నాడు.

ఆర్కిటెక్ట్ ఆయనకేసి తిరిగాడు. "రేపు టేపు వంద లోపు చూపిస్తే మీ పుస్తకం బయటికి రాదు. మీరు కెమెరా పట్టుకుని ఏ కట్టడం గేటు దగ్గరికొచ్చినా లోపలికి అడుగు పెట్టనివ్వకుండా చూసే పూచీ నాది."

టేపు ఎంత చూపించబోతోందో ఆ హాల్లో అనుమానం లేకుండా తెలిసిన మనుషులు ఇద్దరే. ఒకరు ఆర్కిటెక్ట్, రెండోది ఆవిడ. చెబితే ఇన్నేళ్ళ అబద్ధం మొగుడి ముందు బయటపడుతుంది. నీ ఎత్తే నిజం కానప్పుడు ఇంకేది నిజం అని ఆయన అడుగుతాడు. చెప్పకపోతే రేపటితో ఆయన పని సరి.

చెప్పేద్దామనే నిర్ణయించుకుంది. కానీ చెప్పనిస్తేగా.

ఇంటికి రాగానే ఆయన హాల్లో అక్కగారి పటాల మీద పడ్డాడు. "ఏమండీ, ఒక్క మాట," అంది.

"ఉండు, ఇది ఎడమకి వాలింది," అన్నాడు.

ఆ పటం కుదిరేదాకా ఆగి, "ఒకవేళ లెక్కలో ఎక్కడైనా..." అని మొదలుపెట్టింది.

"నువ్వు బెంగ పెట్టుకోకు. రేపు ఆ టేపే నా తరఫున సాక్ష్యం చెబుతుంది," అని రెండో పటం అందుకున్నాడు.

ఇక లాభం లేదని గుండె చిక్కబట్టుకుని, "అది కాదండీ, నా ఎత్తు..." అనేసరికి, వంటింటి గుమ్మంలో వదినగారు ప్రత్యక్షమైంది.

"ఏమైంది నీ ఎత్తుకి?"

"ఏం లేదు వదినా. స్టూలు ఎక్కడ పెట్టారా అని."

వదినగారు ఎగాదిగా చూసి, స్టూలు తెచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళింది.

మర్నాడు పొద్దున, వదినగారితో సహా నిన్నటివాళ్ళంతా చూస్తుండగా, ఇద్దరు మనుషులు గ్రంథాలయం మేడ మీదికెక్కి, చివర బరువు కట్టిన టేపు కిందికి వదిలారు. ఇంజనీరు కింద మోకాలి మీద కూర్చుని చదివాడు. నమ్మకం లేక ఇంకోసారి వదలమన్నాడు. తొంభై తొమ్మిది అడుగుల ఆరంగుళాలు.

ఆర్కిటెక్ట్ కోటు గుండీలు పెట్టుకున్నాడు, అంతే. నిన్న అన్నదానికంటే అదే ఘోరంగా ఉంది.

ఆయన వెళ్ళి టేపు పట్టుకుని కింది నుంచి పైదాకా చూశాడు. అది నిటారుగానే ఉంది. నిటారుగా ఉన్నదానితో పోట్లాడటం ఆయనకి చేతకాదు.

"టేపు సరిగ్గానే ఉంది. తప్పు నాదే," అన్నాడు. "ఎక్కడ తప్పుతున్నానో తెలియడం లేదు. ఇన్నేళ్ళ లెక్కలూ ఇలాగే అఘోరించి ఉంటాయి. పుస్తకం మీరు ఆపించక్కర్లేదు, నేనే ఆపేయమని చెబుతాను."

స్టాండు మడిచి భుజాన వేసుకున్నాడు. ఒక కాలు పూర్తిగా ముడుచుకోలేదు. వంకరగా బయటికి వేలాడుతోంది. ఆయన చూసుకోలేదు. పటం వెంట్రుకవాసి ఒరిగితే నిద్రపోని మనిషి ఆ వంకర కాలుతోనే మెట్లు దిగడం ఆవిడ చూసింది.

"లెక్క తప్పలేదు," అంది.

ఎవరికీ వినబడలేదు. పొడుగువాళ్ళ మాటలన్నీ ఆవిడ తల మీదుగా పోతుంటాయి, ఆవిడ మాటలు వాళ్ళ మోచేతుల దగ్గరే ఆగిపోతాయి. ఈసారి గొంతెత్తింది.

"ఆయన లెక్క తప్పలేదండీ. తప్పు నా ఎత్తుది. నేను అయిదడుగుల మూడంగుళాలు కాను. అయిదడుగులు. అంతే. మా నాన్న మూడంగుళాలు కలిపి చెప్పాడు, నేను నోరు మూసుకున్నాను."

చెప్పులు విప్పేసి, గోడ మొదట్లో వీపు ఆనించి నిలబడి, "కొలుచుకోండి," అంది.

ఇంజనీరు అదే టేపుతో కొలిచాడు. "అయిదడుగులు, పైన సున్నా," అని, ఆ సున్నా సంగతి ఎవరూ అడక్కపోయినా, గట్టిగా చదివాడు.

"నాకు ఆ రోజే అనుమానం," అంది వదినగారు. "నేనంటే ఎవరు విన్నారు?"

ఆయన మాత్రం ఇదేమీ వింటున్నట్టు లేడు. మెట్ల మీద కూలబడి లాప్‌టాప్ తెరిచాడు. "పెద్ద గుమ్మటం. ముప్ఫై నాలుగు మంది. అయిదు చొప్పున నూట డెబ్భై," అని గొణుక్కుని, రికార్డు తీసి చూశాడు. నూట డెబ్భై. రైల్వే స్టేషను తీశాడు. సరిపోయింది. అద్దాల మేడ సరిపోయింది. కోట సరిపోయింది. ఎగతాళిగా వంగి చూస్తున్న ఆర్కిటెక్ట్ కాసేపటికి ఎగతాళి మర్చిపోయి, ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుని, తనకి తెలిసిన కట్టడాల ఎత్తులు తనే చెప్పడం మొదలుపెట్టాడు. అన్నీ అంగుళం తేడా లేకుండా దిగివచ్చి దేని ఎత్తులో అది కుదురుకుంది.

"అయితే వీళ్ళలో ఒక్కడికీ వినయం లేదన్నమాట," అన్నాడు ఆయన కాస్త దిగులుగా. "ఉన్నది ఉన్నట్టు చెప్పారు." అంతలో బురుజు వచ్చింది. "ఇరవై నాలుగు మంది, నూట ఇరవై. రికార్డులో నూట ఇరవై ఆరుంది. వీడు పొగరుబోతే అనుకున్నాను, అబద్ధాలకోరు కూడా."

"ఆ రోజు నేను బూట్లు విప్పలేదండీ," అంది ఆవిడ గోడ దగ్గర్నుంచి.

ఆయన మొహం వాడిపోయింది. "అయ్యో, పాపం. ముందుమాటలో ఆయన్ని నానా మాటలూ అన్నాను. క్షమాపణ రాయాలి," అన్నాడు.

ఆర్కిటెక్ట్ లేచి కోటు దులుపుకున్నాడు. "ఒట్టి ఫొటోతో ఇంత కచ్చితంగా కొలిచేవాణ్ణి నేను చూడలేదు. ఇకమీదట నా కట్టడాలన్నీ మీరే తీయాలి. ఆవిడ్ని కూడా తీసుకురండి," అన్నాడు. ఇంజనీరు ప్రారంభోత్సవానికి సరేనన్నాడు.

నిన్నటి సాయంత్రం కంటే ఈ పొద్దుటి వెలుగు బాగుందని, అట్ట బొమ్మ మళ్ళీ తీస్తానని ఆయన స్టాండు నిలబెట్టాడు. ఆవిడ అలాగే గోడకి ఆనుకుని ఉంది. ఇంతసేపటిలో ఆయన గుమ్మటాలతో మాట్లాడాడు, బురుజుతో మాట్లాడాడు, ఆవిడతో మాత్రం ఆ అబద్ధం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది అనుకుంది.

వదినగారు తమ్ముడి పక్కకి చేరింది. "గోడ వెంట్రుకవాసి వాలినా కనిపెడతావు. ఊరూరా తిరిగి రాళ్ళూ రప్పలూ కొలుస్తావు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నీ పెళ్ళాన్ని కొలిచి చూసుకోవాలనిపించలేదురా నీకు?"

"తక్కువనిపిస్తే కదక్కా కొలిచి చూసుకునేది," అన్నాడు ఆయన, కెమెరాలోంచి తల ఎత్తకుండానే.

గోడ దగ్గర ఆవిడకి ఆ మాట వినబడింది. ఆపుకుందామన్నా ఆగకుండా ఏడుపు వచ్చేసింది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తింది.

"కదలకు," అన్నాడు ఆయన.